జార్జియాలో ఫోర్ట్ మెక్‌అలిస్టర్: ఆ మట్టి దిబ్బలు ఫిరంగులకి ఎలా ఆగాయి?

ఓరుగల్లు ఆడపడుచు:
అందరికీ నమస్తే. లాంగ్ వీకెండ్‌కి అట్లాంటా నుంచి సవన్నా వెళ్ళాం. మొదటిరోజు ఫోర్ట్ పులాస్కీ చూశాం, ఎర్ర ఇటుకల కోట, చుట్టూ కందకం, గోడల్లో ఇప్పటికీ గుండ్లు దిగబడి ఉన్నాయి, చాలా నచ్చింది. మర్నాడు ఒగీచీ నది ఒడ్డున ఫోర్ట్ మెక్‌అలిస్టర్‌కి వెళ్తే అంతా గడ్డి మొలిచిన దిబ్బలే, మధ్యమధ్యలో ఫిరంగులు. మా ఏడేళ్ళ వాడు "అమ్మా, కోట ఏదీ?" అని ఒకటే అడగడం. దిబ్బ ఎక్కబోతే స్టాఫ్ ఒకాయన వచ్చి మర్యాదగానే దిగమన్నాడు. గడ్డి మీద నడిస్తే ఏమవుతుందండీ? ఇంకోటి, అంత ఇటుక కోట రెండ్రోజుల్లో పడిపోతే ఈ మట్టికోట ఎలా నిలబడింది?

ఫిరంగిపురం కుర్రాడు:
మీరు రెండూ వరసగా చూడటం మంచిదైంది, ఎందుకంటే అసలు కథ ఆ తేడాలోనే ఉంది. పులాస్కీ గోడల మందం ఏడున్నర అడుగులు, దాన్ని ఎవరూ పగలగొట్టలేరనే అందరూ అనుకున్నారు. అమెరికా అంతర్యుద్ధంలో ఈ రెండు కోటలూ దక్షిణాది (కాన్ఫెడరేట్) వాళ్ళ చేతిలో ఉండేవి. 1862 ఏప్రిల్‌లో యూనియన్ వాళ్ళు, అంటే ఉత్తరాది సైన్యం, టైబీ ద్వీపం నుంచి, అంటే దాదాపు మైలు దూరం నుంచి, రైఫిల్డ్ ఫిరంగులతో (గొట్టం లోపల మెలికల గాళ్ళుండి గుండుని తిప్పుతూ దూరం విసిరేవి) 30 గంటలు కొట్టేసరికి ఒక మూల కూలిపోయింది, గుండ్లు మందుగుండు గది దాకా వచ్చేస్తున్నాయని కోట అధిపతి కల్నల్ ఓమ్‌స్టెడ్ లొంగిపోయాడు. ఇటుక దెబ్బకి పగులుతుంది, ఇసుక మట్టి అయితే గుండుని మింగేస్తుంది, అంతే తేడా. మెక్‌అలిస్టర్ మీదకి మాంటాక్ అనే యూనియన్ ఇనప కవచం ఓడ వచ్చి 15 అంగుళాల ఫిరంగితో కొట్టింది, 1863 మార్చి 3న మూడు ఓడలు కలిసి గంటల తరబడి కొట్టాయి, పడిన గుంతలన్నీ ఆ రాత్రే పారలతో పూడ్చేశారు. ఆ రోజు కోటలో పోయిన ప్రాణం ఒక్కటే, సైనికులు పెంచుకున్న నల్ల పిల్లి, దానికి అక్కడ ఫలకం కూడా ఉంది.

కట్టమీద ఇంజినీర్:
గడ్డి సంగతి నేను చెప్తా, నా పనే మట్టి కట్టలు. మన చెరువు కట్ట గుర్తు తెచ్చుకోండి. పది మంది ఒకే చోట ఎక్కి దిగితే అక్కడ గడ్డి చచ్చి బాట పడుతుంది, తర్వాతి వానకి నీళ్ళు ఆ బాటే పట్టుకుని జారి సన్నగా గాడి చేస్తాయి, రెండు మూడు సీజన్లకి అదే గండి. మట్టికోటకి గడ్డి వేళ్ళే సిమెంటు అనుకోండి. పైగా ఇటుక ఊడితే ఇంకో ఇటుక పెట్టొచ్చు, దిబ్బ ఆకారం కరిగిపోతే పాతది ఎక్కడ ఆగిందో, మనం పోసింది ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. 1930లలో ఆ భూమి హెన్రీ ఫోర్డ్ చేతిలో ఉండగా (అవును, కార్ల ఫోర్డే) బాగుచేయించాడు కాబట్టి ఈమాత్రం మిగిలింది, 1958లో రాష్ట్రానికి వచ్చింది. దయచేసి పిల్లల్ని ఎక్కనివ్వకండి.

ఓరుగల్లు ఆడపడుచు:
చెరువు కట్ట అనగానే అర్థమైపోయిందండీ. మా వరంగల్ కోటకి కూడా రాతి గోడ బయట మట్టికోట ఉంది, చిన్నప్పుడు దాని మీద ఎన్నిసార్లు పరిగెత్తామో, ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంది. మరి మెక్‌అలిస్టర్ చివరికి ఎలా పడింది?

ఫిరంగిపురం కుర్రాడు:
నేల వైపు నుంచి. 1864 డిసెంబర్ 13న యూనియన్ జనరల్ షెర్మన్ సైన్యంలో హేజెన్ డివిజన్ సాయంత్రం పూట మీదపడితే 15 నిమిషాల్లో అయిపోయింది, లోపల ఉన్నది 230 మంది చిల్లర. షెర్మన్ నది అవతల ఒక బియ్యం మిల్లు పైకప్పు ఎక్కి చూశాడు. దాంతో సముద్రంలో ఉన్న యూనియన్ ఓడలకి దారి దొరికింది, డిసెంబర్ 21కల్లా సవన్నా చేతికొచ్చింది.

ఆ మిల్లు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. చుట్టూ వరి ప్లాంటేషన్లు, పండించింది బానిసలు. ఆ దిబ్బల మట్టి మోసిన వాళ్ళలోనూ బానిసలున్నారు, వాళ్ళ పేర్లు ఏ ఫలకం మీదా నాకు కనపడలేదు. ఆ మట్టి కరిగిపోతే వాళ్ళ చేతిపని కూడా పోయినట్టే, నాకైతే అన్నిటికంటే అదే ముఖ్యం.

ఓరుగల్లు ఆడపడుచు:
ఇది మావాడికి చదివి వినిపించా. "అయితే నేను ఎక్కబోయింది కోటేనా" అన్నాడు.