‘మొవ్వు వేయుదురు’: కీర్తనలు 92:12లో ఈ మాటే ఎందుకు?

పాలకొల్లు నుంచి ప్రశ్న

గ్రూపులో అందరికీ వందనాలు. డిసెంబరు 31 రాత్రి చర్చి ఆరాధనలో ఒక్కో బైబిలు వచనం రాసిన వాగ్దానం కార్డులు తీయిస్తారు కదా, ఈసారి మా అత్తయ్యగారి చేతికి కీర్తనలు 92:12 వచ్చింది. ‘నీతిమంతులు ఖర్జూరవృక్షమువలె మొవ్వు వేయుదురు.’ పండగకి హైదరాబాద్ నుంచి వచ్చిన మా ఆడపడుచు పిల్లలు దాన్ని ‘మువ్వలు’ అని చదివేసి, అమ్మమ్మ కాళ్లకి గజ్జెలు కడతారంట అని ఒకటే నవ్వులు. అత్తయ్యగారేమో కార్డు చూసి, ‘ఎండుమట్టలు రాలే వయసులో నాకు మొవ్వేంటే’ అనేసి బైబిల్లో పెట్టుకున్నారు. ఆవిడకి అర్థం తెలుసు, నాకే సరిగ్గా తెలీదు. మొవ్వు అంటే చిగురే కదా? మరి ‘చిగురించుదురు’ అనో ‘వర్ధిల్లుదురు’ అనో రాస్తే సరిపోయేది కదండీ?

అంబాజీపేట నుంచి జవాబు

అమ్మా, చిగురూ మొవ్వూ ఒకటి కాదు. మామిడికి చిగురు వస్తుంది, వేపకి చిగురు వస్తుంది. కొమ్మ కొమ్మకీ వస్తుంది, ఒకచోట తుంచితే పక్కన ఇంకోటి వస్తుంది. కొబ్బరికి, తాటికి, ఈతకి అలా కాదు. చెట్టు మొత్తానికి తల నడిమధ్యన ఒక్కటే ఎదిగే చోటు. అక్కణ్ణుంచి ఇంకా విచ్చుకోని ఆకు, లేత పసుపు రంగులో, కత్తిలా నిటారుగా పైకి లేస్తుంది చూడండి, అదీ మొవ్వు. బాగున్న చెట్టుకి ఇంచుమించు నెలకో ఆకు అలా వస్తుంది. ఖర్జూరం మన ఈతకి దగ్గరి చుట్టం కాబట్టి దాని మానుకీ తలలో మొవ్వు ఒక్కటే.

మొవ్వు పోతే చెట్టు పోయినట్టే. ఈ ముక్క మా వైపు కొబ్బరి రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు. కొమ్ము పురుగు దూరేది సరిగ్గా అక్కడికే. లోపల తినేసిన ఆకు తర్వాత విచ్చుకున్నప్పుడు కత్తెరతో కత్తిరించినట్టు కనబడుతుంది. అందుకే లేత మొక్కల మొవ్వు చుట్టూ ఆకుల మొదళ్లలో ఇసకా వేపపిండీ కలిపి పోస్తాం. వానాకాలంలో మొవ్వు కుళ్లు వస్తే ఇంకా ఘోరం. నడిమి ఆకు వాడిపోయి, పట్టుకుని లాగితే చేతిలోకి ఊడొచ్చేస్తుంది, మొదట్లో కంపు కొడుతుంది. తొందరగా కనిపెడితే కుళ్లినంత మేరా కోసేసి, బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన మందు) రాసి, వాన నీళ్లు దిగకుండా పైన మూత వేస్తాం. మళ్లీ మొవ్వు లేచిందా, చెట్టు దక్కినట్టు. లేవలేదా, కింద పచ్చటి ఆకులు ఎన్ని ఉన్నా దండగే. దూరం నుంచి చూసేవాడికి కొన్నాళ్లదాకా చెట్టు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది కూడా.

1996 నవంబరు 6 తుపాను చూసినవాళ్లు ఈ గ్రూపులో ఉండే ఉంటారు. ఆకులన్నీ ఊడిపోయి మోడుల్లా నిలబడ్డ చెట్లు మొవ్వు బతికుంటే మెల్లగా తేరుకున్నాయి. మెడ తిరిగిపోయి మొవ్వు విరిగినవి నిలువునా ఎండిపోయాయి. పడిపోయిన చెట్ల మొవ్వు మేం పిల్లలం కోసుకుని తిన్నాం. తియ్యగా, కరకరలాడుతూ భలే ఉండేది. పక్కన నాన్న తలపట్టుకుని కూర్చున్నా మాకు అదే సంబరం, పిల్లలం కదా.

ఇది తెలిసినవాడికి ‘మొవ్వు వేయుదురు’ అంటే పైపై పచ్చదనం కాదు, ప్రాణం ఉన్న చోటు బాగుండడం. తర్జుమా చేసినాయన ఎవరోగానీ దింపు తీసేవాణ్ణి, అదే చెట్టెక్కి కాయలు దింపేవాణ్ణి, అడిగి రాసినట్టుంది.

నరసాపురం నుంచి, తెలుగు టీచరు

పైన అన్నగారు చెట్టు సంగతి చెప్పారు, నేను కీర్తన సంగతి చెప్తాను. అదే కీర్తన 7వ వచనం చూడండి: ‘భక్తిహీనులు గడ్డివలె చిగుర్చుదురు’. 13వ వచనంలో, దేవుని ఆవరణములలో ‘వర్ధిల్లుదురు’. అంటే మీరడిగిన రెండు మాటలూ అక్కడే ఉన్నాయి! హీబ్రూలో ఈ మూడు చోట్లా ఒకటే క్రియాధాతువు. తెలుగులో మాత్రం మూడు క్రియలు. గడ్డికి చిగుర్చడం, ఖర్జూరానికి మొవ్వు వేయడం, దేవుని ఆవరణంలో నాటినవాళ్లకి వర్ధిల్లడం. గడ్డి నాలుగు వైపులా ఒక్కసారిగా లేస్తుంది, కోతకొస్తుంది, పోతుంది. మూలంలో ఒకే మాట తిరిగి తిరిగి వస్తున్నప్పుడు పుట్టే అందం తెలుగులో పోయిన మాట నిజమే. కానీ దేనికి ఏ మాట నప్పుతుందో చూసుకుని వేశారు. నన్నడిగితే నష్టం కన్నా లాభమే ఎక్కువ.

తణుకు నుంచి

టీచరుగారూ, చిన్న పేచీ. మొవ్వు కొబ్బరి సొత్తేం కాదండి. మా వరిలో కాండం తొలిచే పురుగు పడితే ‘మొవ్వు చచ్చింది’ అనే అంటాం. వ్యవసాయ శాఖ వాళ్ల కరపత్రాల్లో కూడా అదే మాట. మరి వరి గడ్డి జాతే కదా?

అంబాజీపేట

ఆయ్, మంచి పాయింటు పట్టారు. కానీ మీ వరికి ఒక పిలకలో మొవ్వు చస్తే పక్కన ఇంకో పిలక లేస్తుంది. మా చెట్టుకి పిలకలేవీ?

హైదరాబాద్ నుంచి (ఆ మువ్వల పిల్లల తండ్రి)

అన్నీ బాగానే ఉన్నాయిగానీ, చదివే పిల్లలకి అర్థం కానప్పుడు ఎంత గొప్ప మాటైతే ఏం లాభం? మా వాడు కొబ్బరిచెట్టు కింద నిలబడేది సంక్రాంతి సెలవుల్లో, అదీ ఫొటో కోసం. సండే స్కూల్లో బట్టీ పట్టిస్తారు, వాడు అప్పజెప్తాడు, బహుమతి తెచ్చుకుంటాడు. మొవ్వంటే ఏంటిరా అంటే తెల్లమొహం వేస్తాడు.

నరసాపురం టీచరు

ఆ బాధ నాకూ ఉందండి. ఈస్టర్‌కి ముందు వారం వచ్చే మట్టల ఆదివారం పిల్లలకి మట్టలు పంచుతాం, ఆ ఆకుతో సిలువలు అల్లడం నేర్పుతాం. ఆ మట్ట చెట్టు మీద ఎక్కణ్ణుంచి పుట్టిందో మాత్రం ఎవరూ చూపించరు. మాట మార్చక్కర్లేదు, చూపిస్తే చాలు. ఈసారి బాబుని తీసుకొచ్చినప్పుడు నిలువెత్తు మొక్క దగ్గరికి తీసుకెళ్లండి, మొవ్వు కళ్ల ఎదురుగానే ఉంటుంది. పట్టుకుని లాగనివ్వకండి.

అన్నట్టు, కేథలిక్కులు ఆ రోజుని ‘మ్రానికొమ్మల ఆదివారం’ అంటారు. తాటి జాతికి కొమ్మలుండవు కాబట్టి నా ఓటు మట్టలకే, వాళ్లేమీ అనుకోకపోతే.

పాలకొల్లు

అందరికీ థాంక్సండి. మీ జవాబులన్నీ అత్తయ్యగారికి చదివి వినిపించాను. ‘ఎండుమట్టలు కిందనుంచి రాలుతుంటేనే కదండీ పైన మొవ్వు లేచేది’ అని నేనంటే, ఆవిడ 14వ వచనం తీసి చదవమన్నారు. ‘వారు ముసలితనమందు ఇంక చిగురు పెట్టుచుందురు.’ చదివాక నాకో డౌటొచ్చింది. ఖర్జూరానికి చిగురేంటి? 12లో అంత జాగ్రత్తగా మొవ్వు అని రాసి, 14కి వచ్చేసరికి చిగురుకి దిగిపోయారేం?

నరసాపురం టీచరు

అక్కడ మూలంలోనే క్రియ మారిందమ్మా, ఫలించడం అనే అర్థంలో. పైగా 12లో ఖర్జూరంతోపాటు లెబానోను దేవదారు కూడా ఉంది. దానికి కొమ్మలున్నాయి కాబట్టి చిగురు పెట్టొచ్చు. అయినా ‘చిగురు’ దగ్గర నాకూ పూర్తిగా తృప్తి లేదు. ‘కాపు కాస్తారు’ అనే అర్థం వచ్చేలా రాస్తే మీ అత్తయ్యగారికి ఇంకా నచ్చేదేమో.

అంబాజీపేట

ముసలి చెట్టు కాయ చిన్నదవుతుందిగానీ కాపు ఆగదండి. మా ఇంటి వెనక తాతగారు వేసిన చెట్లు ఇప్పటికీ దింపుకొస్తున్నాయి. ఎక్కడానికే మనిషి దొరకట్లేదు.

తణుకు

చెట్ల గురించి ఇంత తెలిసినవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. లేవీయకాండం 23:40లో ఈతమట్టలతోపాటు ‘గొంజి చెట్ల కొమ్మలు’, ‘కాలువలయొద్దనుండు నిరవంజి చెట్ల కొమ్మలు’ అని ఉంది. మా ఊళ్లో కాలవలకేం కొదవలేదు. ఈ రెండు చెట్లూ ఎవరైనా కళ్లతో చూశారా? ఫొటో ఉంటే పెట్టండి.