ఆఫర్ కూపన్లలో గోల్‌మాల్: మేనేజర్‌ది నిర్లక్ష్యమా, కుమ్మక్కా?

ఒంగోలు_అకౌంట్స్: మాది ఒంగోలులో ఎలక్ట్రానిక్స్ షాపు. సంక్రాంతి ఆఫర్లో కొత్త కస్టమర్లకిచ్చే కూపన్లని బిల్లింగ్ కుర్రాడు తన వాళ్ల ఫోన్ నంబర్ల మీద వాడేసి, కొన్నవాళ్ల దగ్గర పూర్తి డబ్బు తీసుకుని తేడా జేబులో వేసుకున్నాడు. అప్రూవల్స్ అన్నీ మేనేజర్ లాగిన్ నుంచే. ఆయనేమో పాస్‌వర్డ్ కౌంటర్లో రాసి ఉంటుంది, నాకేం తెలుసు అంటున్నాడు. ఓనర్ గారు నన్ను రిపోర్టు రాయమన్నారు, ఏమని రాయాలి?

కావలి_ఆడిటర్: ఆయన సెలవు రోజుల్లో కూడా అప్రూవల్స్ పడ్డాయా? పడితే ఆయన మాట నమ్మొచ్చు, అది నిర్లక్ష్యమే. వాటా అందినట్టు ఆధారం లేకుండా కుమ్మక్కు అనలేం.

గూడూరు_లేబర్: వాటా ఒక్కటే కాదండీ, తెలిసీ కావాలని వదిలేసినా తప్పే. ముందే ఎవరైనా ఫిర్యాదు చేశారా, చేస్తే ఆయనేం చేశాడు? డొమెస్టిక్ ఎంక్వైరీలో, అంటే షాపు వాళ్లే లోపల జరిపే విచారణలో, ఏది ఎక్కువ సంభవమో తేలితే చాలు. పోలీసు కేసు వేరు. భారతీయ న్యాయ సంహిత 316(4), ఉద్యోగి నమ్మకద్రోహం, 7 ఏళ్ల దాకా శిక్ష, అక్కడ దురుద్దేశం రుజువు కావాలి. కోపంలో పేరు ఇరికించకండి.

ఒంగోలు_అకౌంట్స్: ఒక కస్టమర్ బిల్లు తేడా అని మెయిల్ పెట్టాడు, మేనేజర్ "చూస్తా" అని ఊరుకున్నాడు.

గూడూరు_లేబర్: అయితే ఆ మెయిల్ తేదీ తర్వాత పడిన అప్రూవల్స్ విడిగా తీయండి, వాటి మీద ఆయన వివరణ రాతపూర్వకంగా అడగండి.