అప్‌డేట్: పవర్ ట్యూబు ఎర్రబడటం ఆగింది, లోపం ట్యూబులో లేదు

పాత ప్రశ్న ఇది: క్యాథోడ్ బయాస్‌తో (ట్యూబు కరెంటును క్యాథోడ్ దగ్గరి రెసిస్టరే అదుపు చేసే పద్ధతి) నడిచే నా 15 వాట్ల గిటార్ ఆంప్‌లో (యాంప్లిఫయర్) రెండు ఈఎల్84 పవర్ ట్యూబుల్లో ఒకదాని ప్లేటు (లోపలి లోహపు రేకు), వేడెక్కిన కాసేపటికి ఎర్రగా కాలుతోంది, హమ్ పెరిగి, శబ్దం తగ్గిపోతోంది. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

దారి చూపింది మాత్రం "రెండు ట్యూబుల స్థానాలు మార్చి చూడండి" అన్న సలహానే. మార్చాను. ఎరుపు ట్యూబుతో పాటు కదలలేదు, అదే సాకెట్‌లో ఉండిపోయింది. అంటే లోపం సర్క్యూట్‌లో ఉందన్నమాట.

టెక్నీషియన్ ట్యూబు తీసేసి ఆ సాకెట్ గ్రిడ్ (ట్యూబు కరెంటును నియంత్రించే పిన్) దగ్గర డీసీ వోల్టేజీ కొలిచారు. ఇలాంటి ఆంప్‌లో అది దాదాపు సున్నా ఉండాలి. ఇక్కడ కొన్ని వోల్టుల పాజిటివ్ కనిపించింది. ఫేజ్ ఇన్వర్టర్ (సిగ్నల్‌ను రెండు పవర్ ట్యూబులకు విడదీసి పంపే దశ) నుంచి వచ్చే, డీసీని ఆపాల్సిన కప్లింగ్ కెపాసిటర్ లీకవుతోంది, అందుకే ట్యూబు ఎక్కువ కరెంటు లాగి ఎర్రబడుతోంది. రెండు వైపులా కెపాసిటర్లు మార్చి, కొత్త మ్యాచ్‌డ్ (ఒకేలా పనిచేసే) ట్యూబుల జత పెట్టారు. ఇప్పుడు గంటల తరబడి వాయించినా ప్లేట్లు నల్లగానే ఉంటున్నాయి. ముందే కొత్త జత కొని పెట్టి ఉంటే అదీ కాలిపోయేది, వాటి ధర తెలిసిందే కదా!

అదే ఆంప్‌లో గంట మోగినట్లు మరో శబ్దం కూడా వచ్చేది, దానికి దీనితో సంబంధం లేదు. పెన్సిల్‌తో తట్టి చూస్తే మొదటి 12ఏఎక్స్7 (చిన్న ప్రీఆంప్ ట్యూబు) మైక్రోఫోనిక్ అని, అంటే కదలికను శబ్దంగా మారుస్తోందని తేలింది. దాన్ని ఫేజ్ ఇన్వర్టర్ స్థానానికి మార్చితే శబ్దం పోయింది. కేబుల్, స్పీకర్, ట్యూబుల బ్రాండు గురించిన చర్చంతా ఈ సమస్యకు అనవసరం.

ప్లగ్ తీసినా ఫిల్టర్ కెపాసిటర్లలో (పవర్ సప్లైలో ఛార్జిని నిల్వ ఉంచేవి) 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. అనుభవం లేనివారు ఛాసిస్ (సర్క్యూట్ ఉండే లోహపు పెట్టె) తెరవవద్దు.