పెదవుల కదలికను చదివే విద్యార్థి, నిఖాబ్ ధరించే విద్యార్థిని: చర్చా తరగతిని ఎలా నడపాలి?

నేను హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. విద్యార్థులకు పాఠం చెబుతాను. వినికిడి లోపమున్న ఒక విద్యార్థి, వినికిడి యంత్రం పెట్టుకున్నా, ఎదుటివారి పెదవుల కదలికను చూసే చర్చను అందుకుంటాడు; అదే తరగతిలో ఒక విద్యార్థిని మతవిశ్వాసం వల్ల నిఖాబ్ (కళ్లు తప్ప ముఖాన్ని కప్పే ముసుగు) ధరిస్తుంది కాబట్టి, ఆమె మాట్లాడినప్పుడల్లా అతనికి చర్చ తెగిపోతోంది. ఇద్దరిలో ఎవరూ ఫిర్యాదు చేయలేదు, అది వేరే సంగతి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం, విద్యార్థి అవసరానికి తగిన సహేతుక సదుపాయాన్ని విద్యాసంస్థే కల్పించాలి. ఆ భారాన్ని తోటి విద్యార్థినిపై మోపి, రాజ్యాంగంలోని 25వ అధికరణం మతస్వేచ్ఛకు హామీ ఇస్తుండగా, ముసుగు తీయమని అడగడం నాకు సమ్మతం కాదు. పారదర్శకమైన మాస్కు వాడమని ఒక సహోద్యోగి సూచించారు గాని, ముఖం కనబడకూడదన్న ఆమె నియమం దానితో నిలవదు.

మాట్లాడేవారి మైకు నుంచి ధ్వనిని నేరుగా వినికిడి యంత్రానికి పంపే పరికరాన్ని గాని, మాటలను అప్పటికప్పుడు అక్షరాలుగా చూపే ఫోన్ యాప్‌ను గాని తరగతిలో వాడినవారు ఎవరైనా ఉన్నారా? తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు కలగలిసే మా చర్చల్లో అటువంటి యాప్ ఎంతవరకు నమ్మదగినది? ఆ ఇద్దరినీ అందరి ముందు వేలెత్తి చూపినట్టు కాకుండా ఈ ఏర్పాటును తరగతికి ఎలా వివరించాలో కూడా దయచేసి చెప్పగలరు.