కట్టేసిన రెక్కకు స్పాయిలర్లా, ఫ్లాప్‌లా?

రెండుమీటర్లు:
2 మీటర్ల బాల్సా (తేలికపాటి చెక్క) గ్లైడర్, రేడియోతో నడిపే మోడల్. పక్కలకు తిప్పే రడ్డర్, ముక్కును లేపి దించే ఎలివేటర్ తప్ప ఇంకేం లేవు. రెక్క రెండు ముక్కలు, మొదట్లో వెడల్పు 200 మి.మీ., అడ్డుకోత ఆకారం క్లార్క్ వై. ముందు సగం పైనా కిందా షీటింగ్ (పల్చని బాల్సా పలక) ఉంది, పైన అతికే ప్లాస్టిక్ ఫిల్మ్ కూడా వేసేశాను. నేల దగ్గరికి వచ్చాక తేలుతూనే ఉంటుంది, ఈలోగా మైదానం అయిపోతుంది. స్పాయిలర్ల (రెక్క పైన లేచే మూతలు) కోసం కోస్తే రెక్క బలం పోతుందని కొందరు, ఫ్లాప్‌లే (కిందికి దిగే వెనక అంచు) మేలని ఇంకొందరు అంటున్నారు. ఏది చేయమంటారు?

గాలివాటం:
ఫ్లాప్‌లు. స్పాయిలర్ లేపితే లిఫ్ట్ (రెక్క ఎత్తే బలం) పోతుంది, స్టాల్ వేగం (అంతకు తగ్గితే రెక్క మోయలేని వేగం) పెరుగుతుంది. ఫ్లాప్ దించితే స్టాల్ వేగం తగ్గుతుంది. నెమ్మదిగా తాకిన మోడల్‌కు దెబ్బ తక్కువ. లోపలి ప్యానెల్ వెనక అంచు 60 డిగ్రీలు దించండి, ఏటవాలుగా వచ్చినా వేగం పెద్దగా పెరగదు.

నేలచూపు:
రెండూ అక్కర్లేదు. ఆఖరి మలుపు ఇంకా దూరంలో, ఇంకా తక్కువ ఎత్తులో తిప్పితే చాలు. సగం మంది ల్యాండింగ్ లోపాన్ని సర్వోతో (కంట్రోల్‌ను కదిపే చిన్న మోటారు) కప్పిపెడుతున్నారు.

బాల్సాపొట్టు:
నేలచూపు గారూ, బలమైన థర్మల్ (లేచే వేడిగాలి) పైకి లాక్కుపోతుంటే ఏ మలుపు తిప్పి దించుతారు? ముక్కు దించి డైవ్ చేస్తే వేగం పెరిగి రెక్క అల్లాడుతుంది. బ్రేకు కావలసింది ల్యాండింగ్‌కు మాత్రమే కాదు.

గాలివాటం గారి మాట కొత్తగా కట్టే రెక్కకైతే ఒప్పుకుంటా. కట్టేసిన రెక్కలో వెనక అంచు కోస్తే రిబ్‌ల (రెక్క అడ్డపట్టీలు) తోకలన్నీ ఆధారం లేకుండా వేలాడతాయి. కోసిన చోట కొత్త స్పార్ (రెక్క పొడవునా ఉండే దూలం) వేయాలి, ఫ్లాప్ మెలితిరగకుండా గట్టిగా కట్టాలి. గడ్డిలో దిగేటప్పుడు ఫ్లాప్ ముందుగా తగులుతుంది, సర్వో పళ్లు అక్కడే పోతాయి. స్పాయిలర్ పైన ఉంటుంది కాబట్టి ఆ బెడద లేదు.

బలం పోతుందన్న భయం ఎక్కడ కోస్తారన్నదాన్ని బట్టి. స్పార్‌కు ముందున్న షీటింగ్, స్పార్ కలిసి ఒక గొట్టంలా పనిచేస్తాయి. రెక్క మెలితిరగకుండా ఆపేది అదే. దాన్ని ముట్టుకోవద్దు. స్పార్ వెనకే, ముందు అంచు నుంచి 35–40 శాతం వెడల్పు దగ్గర కోయండి. ఒక్కోటి 250 × 25 మి.మీ. చాలు. ఫ్యూజిలాజ్ (మోడల్ ఒళ్లు) నుంచి 100 మి.మీ. వదలండి, లేకపోతే చెదిరిన గాలి తిన్నగా తోకకు తగిలి ఎలివేటర్ వణుకుతుంది.

రిబ్‌ల పైభాగం 6 మి.మీ. లోతు మాత్రమే తీయండి. గాడికి ముందూ వెనకా 3 మి.మీ. బాల్సా పట్టీ, అడుగున 1.5 మి.మీ. బాల్సా. ఈ అడుగు వేయకుండా వదిలేస్తేనే అసలు గొడవ: రెక్క లోపలి గాలి కిందినుంచి నెడుతుంది, పైన పీడనం తక్కువ, వేగంలో మూత దానంతటదే లేస్తుంది. మూతకు 3 మి.మీ. బాల్సా, నార పొడవు వెంట ఉండాలి. గాడిలో పెట్టి రెక్క వంపుకు తగ్గట్టు ఇసుక కాగితంతో రుద్దాలి. హింజ్ టేప్ ముందు అంచుకే. అప్పుడు లేచిన మూతను గాలి మూసే వైపు నెడుతుంది.

గాలివాటం:
మూత వేగంలో లేస్తుందని మీరే అంటున్నారు. ఒకటి లేచి ఇంకొకటి లేవకపోతే? మోడల్ పక్కకు పడుతుంది. రడ్డర్ ఒక్కటే ఉన్నదానికి దాన్ని సరిచేసే శక్తి ఎక్కడిది? ఫ్లాప్ సర్వోకు గట్టి లింకేజ్ (కలిపే కడ్డీ) ఉంటుంది, ఆ సమస్యే రాదు.

బాల్సాపొట్టు:
ఒక వైపు ఫ్లాప్ సర్వో ఆగిపోయినా పక్కకే పడుతుంది కదా, అదీ ఇంకా గట్టిగా. మూతకు వెనక అంచున రెండు చివరలా 3 మి.మీ. నియోడైమియం అయస్కాంతాలు పెట్టండి. సర్వో చేయి కిందినుంచి నెట్టడానికే. వెనక్కి తీయగానే గాలి మూస్తుంది, అయస్కాంతం పట్టేస్తుంది.

థర్మల్‌గద్ద:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఎఫ్‌3ఎల్ పోటీ తరగతిలో రడ్డర్, ఎలివేటర్, స్పాయిలర్లు తప్ప వేరే కంట్రోల్ ఉండదు, రెక్క 2 మీటర్లు దాటదు. మీ మోడల్ దాదాపు అదే. ఆ తరగతి మోడళ్లు గురి చూసి దిగేది స్పాయిలర్లతోనే.

అయితే గాలివాటం గారు స్టాల్ గురించి అన్నది నిజం, తేలిగ్గా తీసుకోకండి. నేలకు మీటరు ఎత్తులో ఒక్కసారిగా లేపితే మోడల్ రాయిలా పడుతుంది. కంగారుపడి మూసేస్తే ఎగిరి మళ్లీ తేలుతుంది. ఎత్తులో ఉండగానే సగం తెరిచి, ఎక్కువతక్కువలతో దిగే దారి సరిచూసుకోవాలి. అందుకే స్విచ్ మీద కాదు, త్రాటిల్ కర్ర మీద పెట్టండి. స్పాయిలర్ 60 డిగ్రీలు దాటాక అదనంగా వచ్చేది పెద్దగా ఉండదు.

స్పాయిలర్ తెరిస్తే ఎలివేటర్ ఎంత కదలాలన్న మిక్స్ అంకె నన్నడగొద్దు, ఎవరినీ అడగొద్దు. కొన్ని మోడళ్లు ముక్కు దించుతాయి, కొన్ని లేపుతాయి. బాగా ఎత్తులో తెరిచి చూసి, కొద్దికొద్దిగా కలపండి.

ఇంకొకటి. స్పాయిలర్ తెరిస్తే లోపలి రెక్క మోయడం మానేస్తుంది, భారం చివరల వైపు జరుగుతుంది, మొదట్లో వంపు ఒత్తిడి పెరుగుతుంది. తెరిచి ఉండగా వేగంలో ఎలివేటర్ గట్టిగా లాగొద్దు.

రెండుమీటర్లు:
స్పాయిలర్లకే మొగ్గుతున్నా. రెక్కలో రెండు సర్వోలా, ఫ్యూజిలాజ్‌లో ఒక్కటి పెట్టి దారంతో లాగడమా?

బాల్సాపొట్టు:
మీది రెండు ముక్కల రెక్క కాబట్టి రెండు సర్వోలు. దారమైతే రెక్క బిగించిన ప్రతిసారీ రెండు వైపులా సమానంగా ఉందో లేదో చూడాలి. నైలాన్ సాగుతుంది, అల్లిన దారమే వాడాలి. 9 గ్రాముల సర్వోను పక్కకు పడుకోబెడితే మందం 12 మి.మీ., మీ రెక్క అక్కడ 23 మి.మీ. దాకా ఉంది, సరిపోతుంది. తీగలతో కలిపి 30 గ్రాములు పెరుగుతుంది, అదీ సీజీ (బరువు తూగే చోటు) దగ్గరే.

గాలివాటం:
సరే, కోయండి. కానీ వచ్చే రెక్క కట్టేటప్పుడు ఫ్లాప్‌ల చోటు ముందే వదలండి, అప్పుడు మళ్లీ వాదించుకుందాం.

బాల్సాపొట్టు:
కోసే ముందు ఆ రెండు సర్వోలకూ మధ్యస్థానం, తిరిగే దిశ టేబుల్ మీదే సరిచేసుకోండి. రెక్కలో అంటించాక ఒక చేయి అడుగు బాల్సాకు ఆనుకుందంటే సర్వో కరెంటు లాగుతూనే ఉంటుంది, మూత మూసే ఉంటుంది కాబట్టి పైనుంచి కనబడదు.