1851 ఈగిల్ క్యారియర్ స్టాంపు: అసలుదా, 1875 రీప్రింటా?

అమెరికా క్యారియర్ స్టాంపుల్లో (పోస్టాఫీసుకూ ఇంటికీ మధ్య ఉత్తరం చేరవేసే రుసుముకు వాడినవి) 1 సెంటు నీలిరంగు ఈగిల్, అంటే గద్ద బొమ్మది, ఒకటి ఈమధ్యే పాత ఆల్బంలో దొరికింది. పెర్ఫొరేషన్ (అంచు చిల్లులు) లేదు, తపాలా ముద్ర పడలేదు, వెనక జిగురూ లేదు. నాలుగు వైపులా అంచు సుమారు 1 మి.మీ. ఉంది. 1875లో, మరుసటి ఏడాది ఫిలడెల్ఫియాలో జరిగిన అమెరికా స్వాతంత్ర్య శతాబ్ది ప్రదర్శన కోసం గట్టి తెల్ల కాగితంపై రీప్రింట్లు (అదే స్టాంపును మళ్లీ అచ్చువేసినవి) వేశారు కదా, నా భయమంతా అదే. పదింతల భూతద్దంతో చూశాను. యూవీ దీపం కింద కాగితం మెరవలేదు; అంటే ఈ కాలపు నకిలీ కాకపోవచ్చు, అంతకుమించి తేలలేదు. ఫోన్ ఫొటోలతో పోలిస్తే నీలం ఒక్కోసారి ఒక్కోలా కనిపిస్తోంది. కాగితం లేత పసుపు, కానీ అది వయసు మరకేమో! ఇంత అందమైన స్టాంపును తప్పుగా రాసిపెట్టుకోవడం ఇష్టం లేదు. రెండూ చేతిలో పట్టుకుని చూసినవారు చెప్పండి: పసుపెక్కిన రీప్రింట్ కాగితాన్ని అసలు 1851 కాగితం నుంచి దేన్నిబట్టి విడదీస్తారు?