స్కూటరు వేరియేటరులో రోలర్ల బరువు ఎంత తగ్గించాలి?

ప్రశ్న: నా 125 సీసీ స్కూటరుకు పెద్ద బోరు సిలిండరు వేయించిన తర్వాత, జూబ్లీహిల్స్ ఎత్తుల మీద ఇంజను శబ్దం గట్టిగానే వస్తున్నా బండిలో ఊపు కనిపించడం లేదు. మార్చవలసినవి రోలర్లా, క్లచ్ స్ప్రింగులా?

మొదటి జవాబు: ముందుగా వేరియేటరులోని, అంటే ఇంజను వైపు బెల్టు తిరిగే పుల్లీలోని, రోలర్లనే చూడండి. వేగం పెరిగేకొద్దీ రోలర్లు అపకేంద్ర బలంతో బయటికి జరిగి బెల్టును పెద్ద వ్యాసం మీదికి నెడతాయి కనుక, అవి బరువుగా ఉంటే ఇంజను గరిష్ఠ శక్తినిచ్చే ఆర్‌పీఎంను (నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్యను) చేరకముందే గేరు నిష్పత్తి మారిపోతుంది. ఒక్కో రోలరుకు అర గ్రాము చొప్పున తగ్గిస్తూ, ప్రతిసారీ అదే ఎత్తు మీద పూర్తి థ్రాటిల్‌తో పరీక్షించండి. మరీ తేలికైతే ఇంజను అరుస్తుందే తప్ప వేగం రాదు.

రెండవ జవాబు: మంచు మీద నడిపే స్నోమొబైళ్లలోనూ సూత్రం ఇదే, అక్కడ రోలర్లకు బదులుండే ఫ్లైవెయిట్ల బరువు మారుస్తారు. క్లచ్ స్ప్రింగులు మాత్రం బండి కదలడం మొదలయ్యే ఆర్‌పీఎంను నిర్ణయిస్తాయి. అమీర్‌పేట ట్రాఫిక్‌లో నడిపే బండికి గట్టి స్ప్రింగులు వేస్తే క్లచ్ షూలు (రాపిడితో పట్టు ఇచ్చే ముక్కలు) ఎక్కువసేపు జారి వేడెక్కుతాయి కాబట్టి, నేనైతే వాటి జోలికి వెళ్లను.

మూడవ జవాబు: దేనికైనా ముందు బెల్టు వెడల్పు కొలిపించండి. అరిగిన బెల్టుతో కుదిర్చిన అమరిక కొత్త బెల్టు వేయగానే మారిపోతుంది.